చెల్లికి సికిల్ సెల్: శ్వాస శిక్షణ మెషిన్‌కి 18 వేలు పెట్టాలా?

మన్యం_రవి
మా చెల్లికి 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, విశాఖలో హాస్టల్. సికిల్ సెల్ జబ్బే (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో ఇరుక్కుని నొప్పి పెట్టే వంశపారంపర్య జబ్బు), ట్రెయిట్ కాదు, అంటే ఒక్క జన్యువే వచ్చిన రకం కాదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు జన్యువులూ వచ్చేశాయి. మాది పాడేరు అవతల చిన్న ఊరు. దాని రెండో ఏట చేతి వేళ్లు బూరెల్లా పొంగితే పసరు కట్టారు, కళ్లు పచ్చబడితే కామెర్ల మందు పోశారు, అసలు పేరు తెలిసేసరికి ఎనిమిదేళ్లు వచ్చాయి. నాలుగేళ్లుగా హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్స్, అంటే ఈ నొప్పులు రావడం తగ్గించే మందు, వాడుతోంది. అంతకుముందు ఏడాదికి ఐదారు సార్లు అడ్మిట్ చేసేవాళ్లం, ఇప్పుడు ఒకటో రెండో.

ఇప్పుడు గొడవ ఏంటంటే, పరీక్షల ముందు, చలి మొదలయ్యే ముందు దానికి భయం పట్టుకుంటుంది. "అన్నా, వచ్చేలా ఉందిరా" అని ఫోన్ చేస్తుంది. ఊపిరి గబగబా తీస్తుంటుంది, చేతులు చల్లబడిపోతాయి, ఆ రాత్రికి నిజంగానే నొప్పి వచ్చేస్తుంది. పోయిన నెల అడ్మిట్ అయినప్పుడు అక్కడి ఫిజియోథెరపీ ఆవిడ వేలికి క్లిప్ పెట్టి స్క్రీన్ మీద గీత చూపిస్తూ నెమ్మదిగా ఊపిరి తీయించారట. "బాగుందిరా అన్నా" అంది. దాని పేరు బయోఫీడ్‌బ్యాక్ అని చెప్పారు.

తర్వాత ఎవరిదగ్గర నంబర్ తీసుకున్నాడో తెలియదు, ఒకతను ఫోన్ చేసి మెషిన్, మూడు నెలల ట్రైనింగ్ కలిపి 18 వేలు, అది పూర్తయితే క్యాప్సూల్స్ కూడా అక్కర్లేదు అంటున్నాడు. అమ్మ కమ్మలు తాకట్టు పెడతానంటోంది. నాన్న "ఊపిరి పీల్చడానికి 18 వేలా" అని అరుస్తున్నాడు. ఇక్కడ ఎవరైనా వాడారా? పనిచేస్తుందా?

ఉట్నూరు_మాస్టర్
క్యాప్సూల్స్ మానేయొచ్చు అన్నవాడి నంబర్ ముందు బ్లాక్ చెయ్ తమ్ముడూ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. నాకు 34, నాదీ ఇదే జబ్బు.

లక్ష్మీఅమ్మ_కొత్తగూడెం
మాస్టరు గారి మాటే నాదీ. మా చిన్నోడికి ఎవరో తైలం అమ్మి, క్యాప్సూల్ వేడి చేస్తుంది మాన్పించమంటే నేను మాన్పించాను. రెండు నెలలు బాగానే ఉన్నాడు, మూడో నెలలో తొమ్మిది రోజులు మంచం మీద. ఆ తొమ్మిది రాత్రులు నేను మర్చిపోలేను. కమ్మలు తాకట్టు పెట్టనివ్వకు నాయనా, అమ్మకి నేను చెప్పానని చెప్పు.

ఫిజియో_సుధ
నేను ఫిజియోథెరపిస్టుని, హైదరాబాద్‌లో పనిచేస్తాను. మెషిన్ సంగతి పక్కన పెట్టి, ఆవిడ మీ చెల్లితో ఏం చేయించారో చెప్తాను.

మనం ఊపిరి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మామూలుగా నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరు సార్లకు దగ్గరగా తెస్తే ఈ పెరగడం తగ్గడం బాగా పెద్దదవుతుంది, స్క్రీన్ మీద గీత చెరువులో అలలా నున్నగా వస్తుంది. అంటే శరీరాన్ని శాంతపరిచే నరాలు పనిలోకి దిగాయని గుర్తు. వేలికి పెట్టిన క్లిప్ గుండె చప్పుళ్ల మధ్య ఎడం కొలుస్తుంది, అంతే. అది వైద్యం చేయదు, అద్దం లాంటిది. నీ ఊపిరి ఏం చేస్తోందో నీకే చూపిస్తుంది. పది పదిహేను రోజులు చూసి అలవాటైతే తర్వాత చూడకుండానే చేయగలరు. ఇంకో రకం ఉంది, వేలికి చిన్న సెన్సర్ అంటించి వేలి వేడి ఎంత పెరిగిందో చూపించేది. భయపడితే రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు చల్లబడతాయి కదా, అవి వెచ్చబడేదాకా ప్రాక్టీసు చేయిస్తారు.

ఫోన్ కెమెరా మీద వేలు పెడితే చూపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. క్లిప్ అంత కచ్చితంగా ఉండవు కానీ నేర్చుకోవడానికి సరిపోతాయి. 18 వేలు అక్కర్లేదు.

చింతపల్లి_చలి
నాకు ఈ మాటలు వింటే ఒళ్లు మండుతుంది, సుధ గారూ మిమ్మల్ని కాదు. నొప్పితో మెలికలు తిరుగుతూ క్యాజువాలిటీకి వెళ్తే ఒక చోట డ్యూటీలో ఉన్నాయన నా వైపు చూడకుండానే "టెన్షన్ తగ్గించుకోమ్మా, గట్టిగా ఊపిరి పీల్చు" అన్నాడు. గంటన్నర బల్ల మీద కూర్చున్నాను. ఇంజెక్షన్ అడిగితే అలవాటు పడ్డావా అన్నాడు. మా ఎముకల్లో రక్తం ఆగిపోతే వచ్చే నొప్పి ఇది. ఇప్పుడు ఈ శ్వాస శిక్షణ వస్తే ఆ బల్ల మీద ఇంకో గంట కూర్చోబెట్టడానికి ఇంకో సాకు దొరికినట్టే.

ఉట్నూరు_మాస్టర్
చలి చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ఆ బల్ల నాకూ తెలుసు. అయినా ఊపిరి పనికిరాదని మాత్రం అనను, నాకు పనికొచ్చింది. ఎలాగో రాత్రికి రాస్తాను, ఇప్పుడు బడి టైమైంది.

అట్లాంటా_నర్సు
చలీ, నీ కోపం న్యాయమైనదే. నేనిక్కడ హెమటాలజీ (రక్తవ్యాధుల) వార్డులో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. అమెరికాలో లక్షమంది దాకా సికిల్ సెల్ వాళ్లున్నారు, ఎక్కువమంది నల్లవాళ్లు. నువ్వు చెప్పిన మాటే వాళ్ల నోటా రోజూ వింటాను, నొప్పి అంటే నమ్మరు అని.

కానీ ఒక సంగతి తెలిస్తే ఇదంతా వేరేగా కనిపిస్తుంది. ఎర్ర కణం ఆక్సిజన్ వదిలేశాక అందులోని హిమోగ్లోబిన్ వెంటనే గట్టిపడదు, కొంచెం వ్యవధి పడుతుంది. ఆ లోపల కణం సన్న నాళం దాటి వెళ్లిపోతే బతికిపోయినట్టే, ఊపిరితిత్తులకి చేరి మళ్లీ గుండ్రంగా అవుతుంది. నాళం ముడుచుకుని రక్తం నెమ్మదిస్తే కణం మధ్యలోనే కొడవలిలా మారి ఇరుక్కుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో పరిశోధకులు సికిల్ సెల్ వాళ్ల వేళ్లలో రక్తప్రవాహం కొలిచారు. మానసిక ఒత్తిడి పెట్టినా, నొప్పి రాబోతోందని చెప్పినా, ఆఖరికి ఒక నిట్టూర్పు విడిచినా వేళ్ల నాళాలు ముడుచుకున్నాయి. అంటే రవి చెల్లి భయపడితే నొప్పి రావడం ఊహ కాదు, నాటకం అసలే కాదు. భయం నాళాన్ని ముడిస్తే నాళం కణాన్ని ఆపుతోంది. నొప్పి ఉన్నది ఎముకలోనే. నెమ్మది శ్వాసతో ఆ ముడుచుకోవడాన్ని ముందే సడలించగలమా అన్నదే ఇక్కడ ప్రశ్న.

పనిచేస్తుందా అంటే, 1980ల నుంచీ చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి, పదిమంది లోపు, పదిహేనుమంది, అలా. ఇంట్లో సర్దుకునే నొప్పులకి మేలు కనిపించింది. పెద్ద సంఖ్యలో మనుషుల మీద చేసి ఇది క్రైసిస్‌లని, అంటే ఆస్పత్రికి పరుగెత్తించే పెద్ద నొప్పులని, ఆపుతుందని తేల్చింది లేదు. కాబట్టి క్యాప్సూల్, నీళ్లు, వెచ్చదనం, వీటికి తోడుగా ఇది. వాటి బదులు కాదు.

చింతపల్లి_చలి
ఇలా ఎవరూ చెప్పలేదు నాకు. "నొప్పి ఉన్నది ఎముకలోనే" అన్నందుకు థాంక్స్ అక్కా.

యోగా_ప్రసాద్
ఇంత సైన్సు దేనికండీ, మన ప్రాణాయామమే కదా ఇది. నేను 20 ఏళ్లుగా నేర్పుతున్నాను. అమ్మాయితో రోజూ పొద్దున కపాలభాతి 10 నిమిషాలు, భస్త్రిక 5 నిమిషాలు, తర్వాత కుంభకం చేయించండి. రక్తంలో ఆక్సిజన్ నిండుతుంది. ఆక్సిజన్ తగ్గితేనే కదా కణం వంకర తిరిగేది.

ఫిజియో_సుధ
ప్రసాద్ గారూ, దయచేసి ఆ మూడూ వద్దు. కపాలభాతి, భస్త్రికల్లోలా గబగబా ఊపిరి వదిలితే రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, మామూలుగానే దాదాపు నిండుగా ఉంటుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. అది తగ్గితే మెదడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష) తీసేటప్పుడు మామూలుగా మూడు నిమిషాలు గబగబా ఊపిరి తీయమంటారు, సికిల్ సెల్ ఉందని తెలిస్తే మాత్రం ఆ భాగం చేయించరు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని. కుంభకంలో ఊపిరి బిగబట్టడం కూడా వీళ్లకి మంచిది కాదు.

యోగా_ప్రసాద్
ఈఈజీ సంగతి నాకు తెలియదమ్మా. నా దగ్గరికి ఒక అబ్బాయి వస్తున్నాడు, ఈ జబ్బు ఉందని వాళ్ల నాన్న చెప్పారు. రేపే మాన్పిస్తాను. నాడీశోధన, అంటే ముక్కు రంధ్రాలు మార్చి మార్చి ఊపిరి తీయడం, చేయించొచ్చా, బిగబట్టకుండా?

ఫిజియో_సుధ
బిగబట్టకుండా, నెమ్మదిగా అయితే నిక్షేపంగా. తల తిరిగినా వేళ్లు తిమ్మిరెక్కినా ఆపేయమనండి. మీరు వెంటనే మాన్పిస్తానన్నారు, చాలా సంతోషం.

పీజీ_పిల్లల_వార్డు
నేను పీడియాట్రిక్స్ చదువుతున్నాను. ఈ థ్రెడ్‌లో అందరూ నెమ్మది శ్వాస గురించే మాట్లాడుతున్నారు, ఇంకోటి ఉంది, దానికి రుజువు ఇంకా గట్టిది. ఛాతీలోనో వీపులోనో నొప్పి వచ్చినప్పుడు పిల్లలు నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తారు. ఊపిరితిత్తుల అడుగు భాగం తెరుచుకోదు. అక్కడ ఆక్సిజన్ తగ్గుతుంది, ఇంకా కణాలు ఇరుక్కుంటాయి, అలా అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్‌లోకి, అంటే ఊపిరితిత్తులు దెబ్బతినే తీవ్ర పరిస్థితిలోకి, దిగుతారు. అది ప్రాణం తీయగలదు. అమెరికాలో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 1995లో వచ్చాయి. 8 నుంచి 21 ఏళ్ల వాళ్లు, ఛాతీ లేదా వీపు నొప్పితో అడ్మిట్ అయినవాళ్లు. సగం అడ్మిషన్లలో పొద్దున 8 నుంచి రాత్రి 10 వరకూ రెండు గంటలకోసారి స్పైరోమీటర్‌తో పది పెద్ద ఊపిర్లు తీయించారు. అలాంటి 19 అడ్మిషన్లలో ఒక్కదాంట్లోనే ఊపిరితిత్తుల సమస్య వచ్చింది. తీయించని 19లో 8 సార్లు వచ్చింది.

అదే మన మూడు బంతుల స్పైరోమీటర్. కోవిడ్ అప్పుడు ప్రతి ఇంట్లో కొన్నారు కదా, మెడికల్ షాపులో కొన్ని వందల్లో దొరుకుతుంది. అదీ ఒకరకం బయోఫీడ్‌బ్యాకే, బంతి లేచిందా లేదా కళ్లకి కనిపిస్తుంది.

లక్ష్మీఅమ్మ_కొత్తగూడెం
మా ఇంట్లో ఉంది! మా చిన్నోడు మూడు బంతులకీ పేర్లు పెట్టాడు. మొదటిది తమ్ముడు, రెండోది అక్క, మూడోది నాన్న. "నాన్న బరువమ్మా, లేవడు" అంటాడు. వాళ్ల నాన్న కూడా పక్కన కూర్చుని "లేపరా నన్ను" అంటుంటాడు. ఇంతకీ మూడూ లేవాలా?

పీజీ_పిల్లల_వార్డు
అవసరం లేదమ్మా. మూడూ ఠక్కున లేపాలంటే ఒక్కసారిగా గట్టిగా లాగాలి, అది కాదు కావాల్సింది. తమ్ముణ్ణి లేపి రెండు మూడు సెకన్లు గాల్లో నిలబెట్టమనండి, పైప్ నోట్లోంచి తీసి మెల్లగా వదలమనండి. వాడికి వీలైతే అక్కని కూడా. నాన్నని కింద ఉండనివ్వండి.

లక్ష్మీఅమ్మ_కొత్తగూడెం
నాన్నకి చెప్పాను, నవ్వుతున్నాడు.

ఉట్నూరు_మాస్టర్
ఇప్పుడు నా సంగతి. నేను నేర్చుకున్నది మెషిన్ మీద కాదు. ఆరేళ్ల క్రితం ఒక ఫిజియో నాతో పది రోజులు క్లిప్ పెట్టి చేయించారు, తర్వాత గోడ గడియారం చాలన్నారు. మా ఇంట్లో సెకన్ల ముల్లు టిక్ టిక్‌మనే పాత గడియారం ఉంది. నాలుగు టిక్కులు లోపలికి, ఆరు టిక్కులు బయటికి. లోపలికి ముక్కుతో, బయటికి వేడి చాయ్ ఊదినట్టు పెదాలు సన్నగా పెట్టి. పొట్ట మీద అరచేయి, చేయి పైకి లేవాలి, భుజాలు లేవకూడదు. పొద్దున పది నిమిషాలు, పడుకునే ముందు పది నిమిషాలు. నొప్పి లేని రోజుల్లో చేయడమే అసలు కష్టం, అప్పుడు చేయకపోతే నొప్పి రోజున రాదు. ఈత కూడా వరదలో నేర్చుకోలేం కదా.

నాకు ఎలా తెలుస్తుందంటే, మొదలుపెట్టే ముందు అరచేయి చెంపకి ఆనించుకుంటాను. భయంగా ఉన్న రోజు కుండ తాకినట్టు ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలకి మళ్లీ ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. ఒక్కో రోజు తగలదు. తగలకపోతే ఇంకో అరలీటరు గోరువెచ్చని నీళ్లు తాగి, రగ్గు కప్పుకుని, నొప్పి మాత్ర వేసుకుంటాను, బడికి సెలవు పెడతాను. ఆ చల్లదనం నాకు ముందస్తు కబురు.

క్రైసిస్‌లు ఆగలేదు. పోయిన ఏడాది కూడా రెండుసార్లు అడ్మిట్ అయ్యాను. మారింది ఏంటంటే, ముందు నొప్పి లేని రోజులు కూడా నొప్పి కోసం ఎదురుచూస్తూ గడిచేవి. ఇప్పుడు ఆ రోజులు నావి.

అట్లాంటా_నర్సు
మాస్టరు గారూ, మీ పోస్టు చివరి రెండు వాక్యాలు మా వార్డులో ఒకమ్మాయికి ఇంగ్లీషులో చెప్పాను. రాసుకుంది.

మన్యం_రవి
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి లక్ష్మమ్మ గారి పోస్టు చదివి వినిపించాను, కమ్మలు చెవులకే ఉన్నాయి. ఆ ఫోన్ నంబర్ బ్లాక్ చేశాను. సుధ గారూ, హాస్టల్‌లో దీనికి తోడు చూసుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి. డిసెంబర్‌లో పొద్దున్నే చన్నీళ్ల స్నానం అక్కడ.

చింతపల్లి_చలి
చన్నీళ్లు అస్సలు వద్దు!! నాకు ఆశ్రమ పాఠశాలలో ప్రతి చలికాలం ఆ స్నానంతోనే మొదలయ్యేది. లంబసింగి పక్కన పుట్టినదాన్ని, చలి ఎలా ఉంటుందో నన్ను అడగండి. డాక్టర్‌తో లెటర్ రాయించి వార్డెన్‌కి ఇవ్వు, బకెట్ వేడినీళ్లు ఇవ్వాలని, క్లాసులో వాటర్ బాటిల్ ఉండాలని, బాత్రూమ్‌కి ఎప్పుడు అడిగినా పంపాలని. నీళ్లు ఎక్కువ తాగితే ఎక్కువసార్లు వెళ్లాలి కదా, ఆడపిల్లలు అందుకే తాగడం మానేస్తారు. ఎంత ఊపిరి తీసినా నీళ్లు తాగకపోతే ఏం లాభం.

కొత్త_సభ్యురాలు
బాత్రూమ్ పాయింట్ ఎవరూ చెప్పరు. నేనూ కాలేజీలో తాగేదాన్ని కాదు.

పీజీ_పిల్లల_వార్డు
రవి, ఇవి కాగితం మీద రాసి చెల్లి గది గోడకి అంటించు: జ్వరం 101 దాటినా, ఛాతీ నొప్పి లేదా ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా, చేయి పట్టు తప్పినా, ఆక్సిమీటర్‌లో ఎప్పుడూ వచ్చే అంకె కంటే తగ్గినా, శ్వాస సాధన అక్కడితో ఆపి వెంటనే హాస్పిటల్. "పది నిమిషాలు ఊపిరి తీసి చూద్దాం" అని ఆగకూడదు. స్పైరోమీటర్ సంచీలో వేసుకుని వెళ్లండి, అడ్మిట్ అయితే అక్కడ కావాలి. హైడ్రాక్సీయూరియాకి రక్త పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకి తప్పక చేయించండి.

ఉట్నూరు_మాస్టర్
ఇంకోటి, ఆంధ్రాలో మీకు సికిల్ సెల్ వాళ్లకి నెలకి 10 వేల పింఛను ఉంది, పెట్టుకున్నారా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బు ఉంది, సర్టిఫికెట్‌కి ప్రయత్నించండి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద ఊళ్లలో పరీక్షలు చేస్తున్నారు, 40 ఏళ్ల లోపు వాళ్లు 7 కోట్ల మందికి చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. నువ్వు చేయించుకున్నావా రవీ? నీకు ట్రెయిట్ ఉండొచ్చు. పెళ్లికి ముందు తెలుసుకో.

మన్యం_రవి
పింఛను వస్తోంది సార్. నేను పరీక్ష చేయించుకోలేదు, నిజం చెప్పాలంటే ఎవరూ అడగలేదు. ఈ వారం పీహెచ్‌సీకి వెళ్తాను.

మన్యం_రవి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, థ్రెడ్ పైకి తెచ్చినందుకు ఏమనుకోకండి. నాకు ట్రెయిట్ ఉంది. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకం తేల్చే రక్త పరీక్ష) రిపోర్టు నిన్న వచ్చింది.

చెల్లి స్పైరోమీటర్ కొనుక్కుంది, ఫోన్‌లో ఉచిత యాప్ పెట్టుకుంది. వార్డెన్ లెటర్ చూసి వేడినీళ్లకి ఒప్పుకున్నారు, ఆవిడ మంచావిడే, ఇన్నాళ్లూ మేం చెప్పలేదు. మొదటి వారం యాప్‌లో గీత రంపం పళ్లలా వచ్చిందట, విసుగొచ్చి రెండు రోజులు మానేసింది. మాస్టరు గారి నాలుగు, ఆరు లెక్క చెప్పాక మళ్లీ మొదలుపెట్టింది. హాస్టల్‌లో గడియారం టిక్‌మనదు, అందుకని రూమ్‌మేట్ పక్కన కూర్చుని మంచం కోడు మీద వేలితో కొడుతుందట.

సోమవారం ఫిజిక్స్ ప్రీఫైనల్ ముందు రాత్రి ఫోన్ చేసింది. "వచ్చేలా ఉందిరా" అనే అంది. నేను ఏమీ చెప్పలేదు, ఫోన్ పెట్టేయకుండా ఉన్నాను. అవతల మంచం కోడు మీద వేలి చప్పుడు వినపడుతోంది, నాలుగు, ఆరు, నాలుగు, ఆరు. పన్నెండు నిమిషాలు. తర్వాత "చెంపకి వెచ్చగా తగిలింది, పడుకుంటా" అంది. పొద్దున కాలు నొప్పి కొంచెం ఉందట, మాత్ర వేసుకుని పరీక్ష రాసొచ్చింది.

చింతపల్లి_చలి
ఆ రూమ్‌మేట్‌కి నా ముద్దులు చెప్పు రవీ.

లక్ష్మీఅమ్మ_కొత్తగూడెం
మా చిన్నోడు నిన్న అక్కని లేపాడు. నాలుగు సెకన్లు.